గోడ మీది ఊరు

ఈ దారిలో చూడదగ్గవి ఏమిటని అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. జగిత్యాల కోట పక్కనుంచి నడిచాను కాని లోపలికి వెళ్ళలేదు. వేములవాడలో బస్సు ఆగింది, నేను దిగలేదు. జగిత్యాల నుంచి కోరుట్లకు, అక్కడినుంచి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా సిరిసిల్లకు, తిరిగి జగిత్యాలకు. మ్యాపులో చూస్తే చిన్న చుట్టు. శ్రావణంలో, ముసురు పట్టిన రోజుల్లో ఆ చుట్టు తిరిగి వచ్చాను. వెతికింది ఒక ఫోటో కోసం. చాలా ఏళ్ళ కిందట నేనే తీసిన ఫోటో.

నేను హైదరాబాదులో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. సెలవు దొరికినప్పుడు ఊళ్ళ వెంట తిరిగి నేలను ఫోటోలు తీస్తాను. చెలకలు, గుట్టలు, ఎండిన వాగులు. వాటిలో మనుషులు ఉండరు. ఎవరైనా అడ్డం వస్తే వాళ్ళు పోయేదాకా ఆగుతాను. ఎందుకు అలా అని అడిగినవాళ్ళకు ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్పాను. ఏదీ నిజమని నాకే అనిపించలేదు. నిరుడు నా తమ్ముడు శ్రీను మస్కట్‌లో చనిపోయాక కెమెరాను సంచిలోనుంచి తీయలేదు. దుఃఖం గురించి పుస్తకాలు చదివాను. బాగా రాసినవే. కాని చదువుతున్నంతసేపూ అది ఇంకెవరిదో దుఃఖంలా ఉండేది.

జగిత్యాల

శ్రీను కట్టిన రెండు గదుల ఇంట్లో అతని భార్య రజిత ఉంటుంది. బీడీలు చేస్తుంది. బిడ్డ కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి చదువుతోంది. నేను వెళ్ళేసరికి రజిత ఒడిలో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. నన్ను చూసి కొంగు సర్దుకుని లేవబోయింది.

"కూసోమ్మా, పని కానియ్యి," అన్నాను.

"ఎప్పుడుండేదే గద బావ. కూసోండ్రి, చాయ్ పెడ్త."

రెండు వారాల్లో ఏడాది మాసికం. ఏర్పాట్ల గురించి మాట్లాడదామని పిలిచిందనుకున్నాను. చాయ్ చేతికిచ్చాక ఆమె అడిగింది అది కాదు.

"బావ, ఆయన రూముల గోడకు ఒక ఫోటో ఉండె. మీరు తీసిందే. శుక్రారం శుక్రారం వీడియో కాల్ జేసినప్పుడల్ల ఆయన తలకాయ ఎనుక గదే కనవడేది. ఆయన మొకం ఫోటోలు నా ఫోన్ల శాన ఉన్నయి. నాకు గా ఫోటోనే గావాలె. మాసికంనాడు ఆయన పటం ఎనుక గదే పెడ్త."

ఏ ఫోటో అంటున్నదో నాకు తెలుసు. శ్రీను ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు నా దగ్గరున్న ఫోటోల కట్ట ముందు పెట్టి ఏదన్నా తీసుకోమన్నాను. మంచివి చాలా ఉన్నాయి అందులో. వాడు అన్నిటికంటే సాదాగా ఉన్నదాన్ని తీసుకున్నాడు. పసుపు తవ్విన తర్వాతి ఖాళీ చెలక, దూరంగా ఒక గుండ్రాళ్ళ గుట్ట, మూడు తాటిచెట్లు, పైన తెల్లటి ఆకాశం. సూట్‌కేసులో పట్టే సైజని తీసుకున్నాడేమో అనుకుని ఊరుకున్నాను.

"అది నా ఫోన్ల గూడ ఉన్నదమ్మ. ఇంకోటి తీపిచ్చి ఇస్త."

"కొత్తది నాకెందుకు బావ? ఆయన సూశింది గాదు గద అది."

మస్కట్ నుంచి శ్రీను సంచి వచ్చింది కాని అందులో ఆ ఫోటో లేదు. సంచి తెచ్చింది కోరుట్ల ఖాజా, వాడితో గదిలో ఉన్నవాడు. అతన్ని అడుగుదామన్నాను. రజిత కత్తెర పక్కన పెట్టింది.

"ఇంకోటి అడుగుత. గా ఫోటోల ఉన్నది మన చెల్కనేనా?"

నేను చాయ్ తాగుతున్నట్టు కప్పు ఎత్తాను.

"ఆయన మనదే అన్నడు. నాకైతే గట్ల కొడ్తలేదు. మన చెల్క కాడ గుట్ట ఏడున్నది? మన ఇల్లు ఏడున్నదయ్యా దాంట్ల అని నవ్వుకుంట అడిగిన. ఏలు పెట్టి సూపెట్టిండు. తలకాయ అడ్డమొచ్చి నాకు కనవడలె." ఒడిలో పడ్డ ఆకుముక్కలు దులిపింది. "ఎదల నొప్పి సంగతి నాకు జెప్పలె బావ. మంచిగనే ఉన్న అనుకుంటనే పోయిండు. గప్పటికెల్లి ఆయన జెప్పిన మాటలు ఒక్కొక్కటి తీసి సూసుకుంటున్న, ఏది నిజం, ఏది గాదు అని. గిదొక్కటి నాకు తేలుతలేదు."

అది మా చెలక కాదు. ఆ ఫోటో నేను చందుర్తికి ఇవతల, ఎవరిదో చెలక ముందు నిలబడి తీశాను. ఆ మాట అప్పుడు చెప్పలేకపోయాను. "ముందు దొరకనియ్యి," అన్నాను.

ఉట్టి చేతులతో అడగడం బాగుండదని, బదులు ఇవ్వడానికి పాత బస్టాండు దగ్గర ఒక స్టూడియోలో అదే ఫోటో ఇంకొకటి తీయించాను. స్టూడియో అతను కంప్యూటర్లో దాన్ని చూసి జాలిపడ్డాడు.

"సారు, దీంట్ల మనిషెవలు లేరు."

"లేరు."

"పెట్టాల్నా? ఎవరి ఫోటో ఉన్నా ఇయ్యుండ్రి, మంచిగ సెట్ జేస్త."

"వద్దు."

"పోనీ మబ్బులన్న ఏస్త. పైసలేం దీస్కోను."

మబ్బులు కూడా వద్దని చెప్పి తీసుకున్నాను. గొట్టంలా చుట్టి, వాన తగలకుండా ప్లాస్టిక్ కవరు తొడిగి ఇచ్చాడు. ఫ్లెక్సీల కోసం వచ్చినవాళ్ళకు అతను చూపిస్తున్న వెనక బొమ్మలన్నీ మంచుకొండలు, జలపాతాలు. చనిపోయిన మావైపువాళ్ళందరూ ఇప్పుడు ఆ మంచుకొండల ముందే నిలబడుతున్నారు.

కోరుట్ల

కోరుట్లలో ఖాజా దుకాణం కనుక్కోవడం కష్టం కాలేదు. హైదరాబాదులో మా వీధిలో పక్కింటివాళ్ళ పేరు అడిగితే అనుమానంగా చూస్తారు. ఇక్కడ పండ్లబండి దగ్గర "మస్కట్ నుంచి వచ్చిన ఖాజా, టైలరు" అనగానే అతను బండి వదిలి నాతోపాటు సందు మలుపుదాకా వచ్చి వేలెత్తి చూపించాడు.

దుకాణం ఒక మిషనుకు, ఒక మనిషికి సరిపోయేంత ఉంది. బడిపిల్లల డ్రెస్సులు కుప్పగా పడి ఉన్నాయి. ఖాజాకు యాభై దగ్గర పడుతుంటాయి. నేను శ్రీను అన్ననని చెప్పగానే మిషను ఆపి లేచాడు. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

"ఫోటోలు దీసే అన్న. నిన్ను నేనెరుగుదు. ఏడేండ్లు నీ ఫోటో కింద పండుకున్న."

చాయ్ తెప్పించాడు. ఇక్కడి చాయ్‌లో పాలు ఎక్కువ, చక్కెర ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం దాటుతుండగా ఇంటినుంచి బగారన్నం, దాల్చా వచ్చాయి. వద్దన్నా నాకు పళ్ళెం పెట్టించాడు. దాల్చాలో సొరకాయ ముక్కలు ఉన్నాయి. బాగుంది.

ఫోటో గురించి అడిగాను.

"నా కాడ లేదన్న. మేమున్న లేబర్ క్యాంపు ఖాళీ జేపిచ్చిన్రు గద, గప్పుడు రాజేశం పీకి బట్టల జుట్టుకోని తెచ్చిండు. సిరిసిల్ల రాజేశం. తంగళ్ళపల్లిల ఉంటడు." మిషను మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. "గా ఫోటో ఎవ్వల సొంతం గాదన్న. రూముది. శీను జెప్పలేదా నీకు? వంట ఎవలిదో ఊరు వాళ్ళది."

నాకు అర్థం కాలేదు.

గదిలో ఏడుగురు ఉండేవాళ్ళట. అందరూ ఈ చుట్టుపక్కలవాళ్ళే. ఒక్కొక్కరికి వారంలో ఒకరోజు వంట. శ్రీను ఆ ఫోటో గోడకు అతికించిన కొత్తలో అది ఎవరి ఊరని గొడవ వచ్చింది. మాదంటే మాదన్నారు. అందులో గుడి లేదు, బడి లేదు, ఇల్లు లేదు, కాదని చెప్పడానికి ఏ గుర్తూ లేదు. గొడవ తీరక ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆ రోజు ఎవరు వండితే ఫోటోలో ఉన్నది వాళ్ళ ఊరు.

"ఉట్టిగ గాదన్న. అన్నం కాడ కూసున్నంక అందరు వండినోన్ని అడగాలె. వానలు పడ్డయా పటేలా? బర్రె ఈనిందా? కరెంటు మంచిగొస్తుందా? అడగకుంటె గంటె కదలది. కూర వెయ్యడు."

"నీది ఏ రోజు?"

"సోమారం." ఖాజా మెడలో వేలాడుతున్న టేపు తీసి పక్కన పెట్టాడు. "నాకు గుంటెడు జాగ లేదన్న. మా అబ్బా కిరాయింట్లనే పుట్టిండు, కిరాయింట్లనే పోయిండు. గని సోమారంనాడు నేను పటేల్‌ను. గా గుట్ట దాన్క నాదే. రాజేశంను పాలేరుకు పెట్టుకున్న. ఆడు సక్కగ పనిజేస్తలేడని మస్తు తిడ్తుంటి. ఆడేమో, ఆగు బిడ్డ, రేపు మంగళారం నాది, నిన్ను జీతం ఉంచుకుంట అంటుండె."

నేను నవ్వాను. ఏడాదిలో ఎన్నిసార్లు నవ్వానో గుర్తులేదు కాని, శ్రీను పేరు పక్కనుండగా నవ్వడం అదే మొదటిసారి.

"శ్రీనుది?"

"శుక్రారం. ఛుట్టీ గద ఆ రోజు, అందరం ఇండ్లకు ఫోన్లు జేస్తం. ఎనుక సొంతూరు పెట్టుకోని మాట్లాడొచ్చని శుక్రారం మాకు ఇయ్యి అంటె మాకు ఇయ్యి అని అందరం అడిగినం. శీను ఇయ్యలె. ఫోటో తెచ్చినోన్ని నేను అన్నడు. కూర మాత్రం ప్రతిసారి మాడగొట్టేటోడు. పచ్చిపులుసు ఒక్కటి మంచిగ జేస్తుండె."

శ్రీను వంట చేయడం నేనెన్నడూ చూడలేదు. ఇంట్లో మంచినీళ్ళు కూడా అడిగి తెప్పించుకునేవాడు.

బయటికి వస్తూ అడగాల్సిన ఇంకొక మాట అడిగాను. ఛాతీనొప్పి సంగతి మీకైనా చెప్పాడా అని.

ఖాజా తల అడ్డంగా ఊపాడు. "గ్యాస్ అన్నడన్న. నాతోని సోడా తెప్పిచ్చుకున్నడు. నాకెరుకుంటె పండనిద్దునా?"

ఆ రాత్రి కోరుట్లలో ఒక లాడ్జిలో ఉన్నాను. శుక్రవారాల్లో ఆ ఫోటోలోని ఊరు శ్రీనుదేనన్న మాట రజితకు ఎలా చెప్పాలా అని ఆలోచించాను. నొప్పి దాచినవాడు ఆటలో ఊరు కూడా తనదని చెప్పాడంటే, ఆమెకు అది ఇంకొక అబద్ధంగానే వినబడవచ్చు.

చందుర్తికి ఇవతల

మర్నాడు పొద్దున బస్సెక్కాను. నేరుగా తంగళ్ళపల్లికి పోదామనే అనుకున్నాను. రుద్రంగి దాటాక ఆ గుట్ట కనబడింది. దిగిపోయాను.

ఆ ఫోటో తీసిన రోజు మేమిద్దరం స్కూటరు మీద వేములవాడకు పోతున్నాం. వెలుతురు బాగుందని నేను ఆపమన్నాను. స్కూటరు స్టాండు విరిగి ఉండటంతో శ్రీను దాన్ని పట్టుకుని నా వెనక నిలబడ్డాడు. "ఇంకా ఎంతసేపే" అని రెండుమూడుసార్లు అన్నాడు. అంతకంటే గుర్తులేదు.

గుట్ట అలాగే ఉంది. తాటిచెట్లు రెండే ఉన్నాయి. చెలకలో పసుపు మోకాలెత్తు పెరిగింది, గట్ల వెంట మక్క. కలుపు తీస్తున్న ఒకామె నన్ను, నా సంచిని చూసి కొడవలి పట్టుకుని లేచి వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. పేరు నర్సవ్వ అని తర్వాత చెప్పింది.

"ఏం సారు, ప్లాట్లు జేస్తరా?"

"కాదవ్వ."

"కొలిశేటోళ్ళు అందరు గట్లనే అంటరు. అమ్మేది లేదు, పోండ్రి."

ప్లాస్టిక్ కవరు విప్పి ఫోటో చూపించాను. చేతులు చీరకు తుడుచుకుని దూరంగా పట్టుకుని చూసింది. గుట్టను చూసింది, ఫోటోను చూసింది.

"గుట్ట గదే. తాళ్ళు గవే. ఒకటి నిరుడు పిడుగువడి పోయింది." ఫోటో నా చేతిలో పెట్టింది. "గని చెల్క మాది గాదు."

"ఈన్నే తీసిననవ్వ. గీ మోరీ మీద నిలవడి," అంటూ రోడ్డు కింది కల్వర్టును చూపించాను.

"మా చెల్కల మనిషి లేంది ఎప్పుడు సారు? నేను లేకుంటె మా ముసలోడు. ఆయన లేకుంటె కోడలు. పసుపు తవ్వినంక గూడ కొమ్ములు ఏరుకుంట ఉండనే ఉంటం. గింత ఉత్తగ ఎన్నడున్నది?" అంతలో ఆమెకే ఏదో తట్టి నవ్వింది. "మేం చెట్టు కింద బువ్వ తినంగ తీసినట్టున్నవ్."

అది నిజమే అయుంటుంది. ఎవరూ లేని క్షణం కోసం నేను ఆగాను, వాళ్ళు అన్నానికి కూర్చున్నారు. ఏడుగురు మనుషులు మాది మాదని పంచుకున్న నేలను దాని సొంతదారు తనది కాదంటోంది. ఆమె చెప్పింది నిజమే. వాళ్ళ ఏడేళ్ళ మాటా నిజమే.

"తీసెటట్టుంటె ఇప్పుడు తియ్యి, నేనున్న గద," అంది.

కెమెరా బయటికి తీశాను. చేతులు కొత్తవిగా అనిపించాయి. ఆమె పసుపు సాళ్ళ మధ్య కొడవలి పట్టుకుని, నవ్వకుండా, నిటారుగా నిలబడింది. తర్వాత తన ఫోను తీసి దానితో కూడా ఒకటి తీయించుకుని, దుబాయిలో ఉన్న కొడుక్కి పంపమంది. పంపాను. మేము మక్కకంకులు కాల్చుకుంటుండగానే జవాబు గొంతు రూపంలో వచ్చింది. ఆమె ఫోను చెవికి దూరంగా పెట్టి వినిపించింది.

"అవ్వ, ఒడ్డు పొంటి గడ్డి గంత పెరిగిందేందే? కోస్తలేవా?"

"సూడు సారు," అంది నర్సవ్వ. "ఎట్లున్నవే అవ్వ అనడు. గడ్డి అడుగుతడు." కాని ఆ మాటను మళ్ళీ ఇంకోసారి పెట్టి విన్నది.

రోడ్డు మీదికి వస్తుంటే బురదలో చెప్పు తెగింది. రెండోదీ విసిరేసి చందుర్తిదాకా వట్టికాళ్ళతో నడిచాను. అక్కడ నా సైజు రబ్బరు చెప్పులు ఎర్రరంగువే దొరికాయి.

తంగళ్ళపల్లి

సిరిసిల్ల దగ్గరపడుతుంటే మగ్గాల చప్పుడు బస్సులోకే వచ్చింది. కరెంటు మగ్గాలు. ఒక వీధిలో నిలబడితే ఏ ఇంట్లో ఆడుతున్నాయో చెప్పలేం, నేలే చప్పుడు చేస్తున్నట్టుంటుంది. ఇక్కడి మనుషులు పక్కవాళ్ళతో కూడా గట్టిగా మాట్లాడతారు, కోపం లేకుండానే.

రాజేశం షెడ్డులో ఉన్నాడు. నాలుగు మగ్గాల మధ్య తిరుగుతూ తెగిన పోగులు అతుకుతున్నాడు. నన్ను చూసి బయటికి వచ్చాడు. ఖాజా ముందే ఫోన్ చేసి చెప్పాడట. ముందు నా మొహం చూశాడు, తర్వాత నా ఎర్ర చెప్పులు.

"శీనన్న గూడ గిట్లనే," అన్నాడు. "ఒకపాలి రెండు కాళ్ళకు రెండు తీర్ల చెప్పులేస్కోని డ్యూటీకి పోయిండు."

ఇంట్లో అతని భార్య జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. తింటుండగా రాజేశం తన సంగతి చెప్పాడు. మగ్గాలు సొంతం కావు. నెలలో సగం రోజులు పని ఉండదు. వీసా వచ్చింది, ఇంకో నెలలో మళ్ళీ మస్కట్ పోతున్నాడు. పాత గదివాళ్ళు ఇద్దరు అక్కడే ఉన్నారు.

"ఫోటో గూడ తెమ్మన్నరు," అని, నా వైపు చూడకుండా రొట్టె తుంచుకున్నాడు. "ఇయ్యనని గాదన్న. వదినెకు హక్కున్నది. ఉన్నది జెప్పిన."

చేతులు కడుక్కుని అల్మారా పైనుంచి తెల్లటి గుడ్డలో చుట్టిన ఫోటో దించాడు. గోడకు ఆనించి నాలుగు మూలలా మేకులు కొట్టాడు.

నేను తీసిన ఫోటోనే కాని, నాకు తెలిసిన ఫోటో కాదు. ఆకాశం పొగకు పచ్చబడింది. నేలంతా వేళ్ళ మచ్చలు. పసుపువి, నూనెవి, కారంవి. వంట చేస్తూ వచ్చి, ఇదిగో మా ఇల్లు ఇక్కడ అని ఎవరికి వాళ్ళు వేలుపెట్టి చూపించిన చోట్లు. గుట్ట మీద పెద్ద మచ్చ ఖాజాది, పటేల్ ఇల్లు ఎత్తు మీద ఉండాలట. తాటిచెట్ల కింద ఒకరిది. చెలక నడుమ రాజేశంది.

"నీకు చెలకెందుకు? నీది మగ్గాల ఊరు గద," అన్నాను.

"సప్పుడు లేదు గదన్న దాంట్ల," అన్నాడు. గోడ అవతల మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. "మంగళారం గా ఫోటో మొకాన సూసుకుంట తింటె చెవులకు సల్లగుండేది."

శ్రీను వేలిముద్ర కోసం వెతికాను. అంచులదాకా వెతికాను. రాజేశం చూస్తూ నిలబడ్డాడు.

"దాంట్ల లేదన్న."

దగ్గరికి వచ్చి, ఫోటో కింది అంచుకు జానెడు కిందుగా, ఉత్త గోడ మీద వేలుపెట్టాడు.

"గీడ."

నేను అతని వేలును చూశాను.

"మేం గూడ లొల్లి పెట్టినం. ఇల్లు సూపెట్టరా అంటె గోడ సూపెడ్తవేందిరా అని. శీనన్న ఒక్కటే మాట. 'మా అన్న గీడ నిలవడి ఫోటో తీసిండు. నేను ఎనుక బండి వట్టుకోని ఉన్న. మా ఇల్లు గీడనే.' ప్రతి శుక్రారం గదే జాగ. సున్నం పోయి గోడకు గుంట పడ్డది. క్యాంపు ఖాళీ జేస్తుంటె ఫోటో అయితె పీకినం గని, గా గుంటను ఎట్ల తెస్తం?"

నేను మంచం మీద కూర్చున్నాను. రాజేశం బయటికి వెళ్ళి మగ్గాలు చూసుకుని కాసేపటికి వచ్చాడు. అతను వెళ్ళింది మగ్గాల కోసం కాదని నాకు తెలుసు.

ఇన్నేళ్ళూ నా ఫోటోల్లో ఎవరూ లేరని నేను అనుకున్నాను. చూసినవాళ్ళూ అదే అన్నారు. ప్రతి ఫోటోలోనూ కింది అంచుకు ఇవతల ఒక మనిషి నిలబడే ఉన్నాడు. కొన్నిటిలో ఇద్దరు. అది శ్రీనుకు తెలుసు. కట్టలోంచి ఆ ఫోటోనే ఎందుకు తీసుకున్నాడో ఇన్నాళ్ళూ నేను బొమ్మలో వెతికాను.

కొత్త ఫోటో తీసి రాజేశానికి ఇచ్చాను. విప్పి గోడమీద పాతదాని పక్కన పట్టుకున్నాడు. పెదవి విరిచాడు.

"గిది మరీ సాపుగున్నదన్న. ఊర్లెకు ఇంకా ఎవ్వలు రాలె."

"పనికిరాదా?"

"పనికొస్తది తియ్యి. వారం దినాల్ల కరాబు జేస్తం." చుట్టబోయి ఆగాడు. "శుక్రారం ఇప్పుడు ఎవలకు ఇయ్యాలె అంటవ్?"

ఆలోచించి, వచ్చే కొత్త మనిషికి ఇవ్వమన్నాను. సరేనన్నాడు.

మళ్ళీ జగిత్యాల

రజిత ఫోటోను విప్పి మొదట వాసన చూసింది. "మసాల," అంది. తర్వాత మచ్చలన్నీ చూసింది. ఎవరిది ఏదో నేను చెప్పాను. ఖాజా పటేల్‌తనం, రాజేశం పాలేరుతనం, అడగకపోతే కూర వెయ్యని సంగతి, అన్నీ.

"ఆయన వంట జేస్తుండెనా?"

"శుక్రారం."

"మా ఇంట్ల పొయ్యి కాడికి ఒక్కనాడన్న రాలె, దొంగ." నవ్వింది. నవ్వు మధ్యలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితె మన చెల్క గాదు," అంది.

"కాదు. చందుర్తి కాడ ఒకామెది. శుక్రారం శుక్రారం మాత్రం మనదే. నీకు ఫోన్ జేసేది శుక్రారమే గద. నొప్పి సంగతి దాచిండు, నిజమే. ఖాజాకు గూడ గ్యాస్ అని చెప్పిండు. గిది మాత్రం దాయలేదమ్మ. ఊరు మనదన్న రోజు, ఆ రూముల అందరికి గా చెల్క మనదే."

ఆమె ఆ మాటను ఒప్పుకున్నదో లేదో నాకు తెలియలేదు. లేచి గోడకున్న క్యాలెండరు తీసి, ఆ మేకుకు ఫోటో తగిలించింది. వెనక్కి జరిగి, ఫోనులో చూసినప్పటి దూరంలో నిలబడింది.

"ఇల్లు ఏడ సూపెట్టిండు మరి?"

నేను వేలు పెట్టలేదు. "ఫోటోల గాదు. దాని కింద, గోడ మీద. జానెడు కిందికి. నేను నిలవడి తీసిన జాగ అది. ఆడు నా ఎనుక ఉండె," అన్నాను.

రజిత దగ్గరికి వెళ్ళింది. జానెడు కొలుచుకుని, గోడ మీద వేలు నొక్కింది. పొద్దుటినుంచి బీడీలు చుట్టిన వేలు. తీసేసరికి పొగాకు రంగు మచ్చ పడింది. కొంగుతో తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మాసికానికి సున్నం ఏపిద్దామనుకున్న బావ," అంది. "గీ జాగ ఇడిశిపెట్టి ఏపిస్త."